వినికిడి లోపం ఉన్న పిల్లలు: చెవి మిషన్ పెట్టాక ఇంట్లో, బడిలో ఏం చెయ్యాలి? – తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ అమ్మానాన్నల కోసం, టీచర్ల కోసం. చెవి మిషన్ పెట్టించగానే, లేదా కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) ఆపరేషన్ అవగానే గండం గడిచిందనుకుంటారు చాలామంది. అసలు పని ఆ రోజే మొదలవుతుంది. శబ్దం చెవిన పడటం వేరు, దాన్ని మాటగా పోల్చుకోవడం వేరు. ఆ రెండోది ఇంట్లో నేర్పాలి, బడిలో నిలబెట్టాలి. మా దగ్గరికి వచ్చేవాళ్ళు పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం.

మా బాబుకు రెండేళ్ళు. ఇంకా మాటలు రాలేదు. "వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి, కంగారు పడకు" అంటున్నారు మా అత్తగారు. ఆగి చూడొచ్చా?

ఆగకండి. పరీక్ష చేయించండి. అంతా బాగుందని తేలితే పోయేదేమీ లేదు, మనసు కుదుటపడుతుంది.

వెనక నుంచి పళ్ళెం మీద గరిటెతో కొడితే తిరిగాడు కాబట్టి వినపడుతోందని అనుకుంటారు. పెద్ద మోతకు, నేల అదురుకు, పక్కన కదిలిన నీడకు కూడా పిల్లలు తిరుగుతారు. మాటలోని సన్నటి శబ్దాలు అందుతున్నాయో లేదో పళ్ళెం చెప్పలేదు.

పుట్టిన బిడ్డకు కూడా వినికిడి పరీక్ష చెయ్యొచ్చు. ఓఏఈ అనే పరీక్ష (చెవిలో చిన్న మొన పెట్టి చేసేది) నిమిషాల్లో అయిపోతుంది. బేరా పరీక్ష (శబ్దం చెవి నుంచి మెదడు దాకా చేరుతోందో లేదో చూసేది) బిడ్డ నిద్రపోతుండగా చేస్తారు, నొప్పి ఉండదు. డాక్టర్లు చెప్పే లెక్క ఇది: నెలలోపు స్క్రీనింగ్, మూడో నెలకల్లా నిర్ధారణ, ఆరో నెలకల్లా మిషన్, శిక్షణ మొదలు. మీ బాబు ఆ వయసు దాటిపోయాడని దిగులు పడొద్దు, ఇంకో ఆరు నెలలు మాత్రం పోనివ్వద్దు. మేనరికం ఉన్నా, పుట్టగానే ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఉన్నా, కామెర్లు ముదిరినా, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వచ్చినా మొదటి పరీక్షలో పాసైన పిల్లలకు కూడా మళ్ళీ చేయించాలి.

ఖర్చు గురించి ఆగిపోయేవాళ్ళకు ఒక మాట. 2013లో మొదలైన కేంద్ర పిల్లల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే కింద అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే వైద్య బృందాలు చూడాల్సిన లోపాల్లో పుట్టుకతో వచ్చే చెవుడు కూడా ఉంది. అనుమానం ఉంటే వాళ్ళే జిల్లాలోని డీఈఐసీకి (పిల్లల్లో లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే కేంద్రానికి) రాసి పంపుతారు.

రిపోర్టులో 70 డీబీ అని రాశారు. అంటే 70 శాతం వినపడదనా?

కాదు. డీబీ అంటే డెసిబెల్, శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత. 70 అంటే, శబ్దం ఆ మాత్రం గట్టిగా ఉంటేనే మీ పాపకు వినపడటం మొదలవుతుందని. మనం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే మాట దాదాపు 60 ఉంటుంది, గుసగుస 30 చుట్టూ ఉంటుంది. మిషన్ లేకుండా మన మామూలు మాట ఆ పాపకు చేరడం లేదన్నమాట.

ఒక్క అంకె చూసి ఊరుకోకండి. ఆడియోగ్రామ్‌లో (వినికిడి పరీక్ష ఫలితం చూపే గ్రాఫులో) గీత ఎడమ వైపు మొద్దు శబ్దాలకు, కుడి వైపు సన్నటి శబ్దాలకు. చాలామంది పిల్లలకు గీత కుడి వైపు కిందికి జారిపోతుంది. వాళ్ళకు 'ఆ', 'ఊ' లాంటి అచ్చులు బాగానే అందుతాయి, 'స', 'శ', 'ష' జారిపోతాయి. "పిలిస్తే పలుకుతుంది, మరి చెప్పింది ఎందుకు చెయ్యదు? మొండితనం" అని తిట్లు తినేది ఎక్కువగా ఈ పిల్లలే. పిలుపు అందింది, మాట సగమే అందింది. తప్పు పిల్లది కాదు.

శాతం వేరే లెక్క. వికలాంగుల సర్టిఫికెట్ కోసం డాక్టర్లు డెసిబెల్స్ నుంచి దాన్ని లెక్కగడతారు.

మిషన్ పెట్టి మూడు నెలలైంది. ఇంకా ఒక్క మాటా రాలేదు. మిషన్ మంచిది కాదేమో?

మిషన్ పెట్టిన రోజు నుంచి వయసు లెక్కపెట్టండి. మీ పాపకు ఏళ్ళు మూడైనా, వినడంలో మూడు నెలల బిడ్డ. మామూలుగా వినపడే బిడ్డ కూడా ఏడాది పాటు విన్నాకే కదా తొలి మాట పలికేది. ఈలోపు చూడాల్సినవి వేరే ఉన్నాయి. మిషన్ తీసేస్తే వెతుక్కుంటోందా? కుక్కర్ విజిల్‌కు తల తిప్పుతోందా? పేరు పిలిస్తే ఆట ఆపుతోందా? ఇవి వస్తుంటే దారిలో ఉన్నట్టే. ఇవి కూడా లేకపోతే ఊరుకోకుండా ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుడు) దగ్గరికి వెళ్ళి మిషన్ సెట్టింగ్ సరిచూడమనండి, మిషన్ పెట్టి మళ్ళీ పరీక్ష చెయ్యమనండి.

రోజుకు ఎన్ని గంటలు పెట్టాలి? పెడితే లాగేస్తున్నాడు.

మెలకువగా ఉన్నంతసేపూ. స్నానానికి, నిద్రకు తీస్తే చాలు. బడికి మాత్రమే పెట్టి, ఇంటికి రాగానే డబ్బాలో దాచేవాళ్ళున్నారు. పాడైపోతుందన్న భయం అర్థం చేసుకోగలం, కానీ పిల్లాడు మాటలు నేర్చుకునేది ఎక్కువగా ఇంట్లోనే.

లాగేస్తున్నాడంటే ముందు చెవి చూడండి. ఎర్రగా ఉందా, చెవిలో పెట్టే అచ్చు ఒరుసుకుంటోందా, మిషన్ కీచుమంటోందా? ఎక్కువగా అచ్చు వదులైతే వస్తుంది ఆ కీచు. చంటిపిల్లల చెవులు త్వరగా పెరుగుతాయి, కొన్ని నెలలకే అచ్చు మార్చాల్సి వస్తుంది. ఇవేమీ కాకపోతే మెల్లగా అలవాటు చెయ్యండి: ఇష్టమైన ఆట మొదలుపెట్టేముందు పెట్టండి, తీస్తే గొడవ చెయ్యకుండా మళ్ళీ పెట్టండి. దారం కట్టి చొక్కాకు క్లిప్పు పెడితే కింద పడదు.

మిషన్ పనిచేస్తోందో లేదో మాకెలా తెలుస్తుంది? వాడు చెప్పలేడు కదా.

రోజూ పొద్దున్నే రెండు నిమిషాలు కేటాయిస్తే తెలుస్తుంది. డేనియల్ లింగ్ అనే నిపుణుడు పెట్టిన ఆరు శబ్దాల పరీక్ష ఉంది. ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ – ఈ ఆరూ మాటలో ఉండే మొద్దు శబ్దాల నుంచి సన్నటి శబ్దాల దాకా అన్నిటికీ ప్రతినిధులు.

ఇలా చెయ్యండి. పాపను ఒక గిన్నె ముందు కూర్చోబెట్టి చేతికి నాలుగు చింతపిక్కలివ్వండి. మీరు వెనక నిలబడండి, పెదాలు కనపడకూడదు, మీ ఊపిరి మెడకు తగలకూడదు. మామూలు గొంతుతో "ఆ" అనండి. వినపడితే పిక్క గిన్నెలో వెయ్యాలి. తరువాత "స్". తరువాత కాసేపు ఏమీ అనకండి. ఆ మౌనం తప్పనిసరి, లేకపోతే లెక్క ప్రకారం పిక్కలు వేసుకుంటూ పోతుంది. వరస రోజూ మార్చండి. కొంచెం పెద్దయ్యాక విన్నదాన్ని తిరిగి అనమనండి. ఒక చెవి తరువాత ఇంకో చెవి విడివిడిగా చూడండి. మరీ చిన్నపిల్లలైతే కళ్ళు మిటకరించడం, చేతిలో ఆట ఆగిపోవడం చాలు గుర్తుగా.

నిన్నటిదాకా పట్టిన 'స్' ఇవాళ పట్టలేదంటే ఏదో జరిగింది. బ్యాటరీ అయిపోవచ్చు, అచ్చులో గుబిలి అడ్డుపడొచ్చు, గొట్టంలో చెమట బొట్టు నిలవొచ్చు, చెవిలోనే జలుబు నీరు చేరొచ్చు. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్ళలో ఉక్కపోతకు గొట్టంలో తడి చేరడం చాలా మామూలు. అచ్చును మిషన్ నుంచి విడదీసి బ్లోయర్‌తో గాలి కొట్టండి. రాత్రి సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి.

బ్యాటరీ స్టిక్కర్ తీశాక కొద్ది నిమిషాలు గాలి తగలనిచ్చి పెట్టాలి. ఇవి గాలితో పనిచేసే జింక్ బ్యాటరీలు. నారింజ స్టిక్కర్‌ది 13 సైజు, నీలం స్టిక్కర్‌ది 675. అయిపోయినవి పిల్లల చేతికి అందనివ్వకండి. మింగితే అది ఎమర్జెన్సీ, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

థెరపీ (వినడం, మాట్లాడటం నేర్పే శిక్షణ) వారానికి ఒక్క గంట. మిగతా రోజుల్లో మేమేం చెయ్యాలి?

ఆ గంట పిల్లాడికంటే మీకే ఎక్కువ అవసరం. అక్కడ నేర్చుకుని ఇంట్లో రోజంతా చెయ్యాల్సింది మీరే. దీనికి బొమ్మల కార్డులు కొననక్కర్లేదు.

వంటింట్లో చూడండి. ఉల్లిపాయ చేతిలో పట్టుకుని చూపించి "ఇది ఉల్లిపాయ, చెప్పు" అంటాం మనం. దానికి బదులు ముందు మాట, తరువాత వస్తువు. "నాన్నా, ఉల్లిపాయ కావాలి. ఉల్లిపాయ ఎక్కడుంది?" అని ఆగండి. మనసులో పది లెక్కపెట్టుకోండి. బుట్ట వైపు చూస్తే చాలు, "ఆఁ, అదిగో ఉల్లిపాయ! తీసుకురా" అనండి. తొక్క తీస్తూ "తొక్క తీస్తున్నా, తీస్తున్నా... అయిపోయింది", కోస్తూ "అబ్బ, కళ్ళు మండుతున్నాయి". నూనెలో వేసేముందు "చూడు, చుయ్యిమంటుంది" అని ఆపండి, ఆ చప్పుడు విననివ్వండి. ఒక్క పోపులో ఇంత భాష ఉంది.

ఆగడమే అన్నిటికంటే కష్టం. పిల్లాడు జవాబు వెతుక్కుంటుంటే మనం ఆత్రంగా అందించేస్తాం. తాతయ్య, నానమ్మలకు కూడా ఈ మాట చెప్పండి. అరవకుండా దగ్గరికి వచ్చి మామూలు గొంతుతో మాట్లాడాలి. అరిస్తే మాట ఆకారం చెదిరిపోతుంది, మొహం కూడా భయపెట్టేలా మారుతుంది. ఇంకొకటి, టీవీ కట్టెయ్యండి. ఊరికే మోగుతూ ఉండే టీవీ మిషన్‌లోకి కూడా వెళ్తుంది, మీ మాటను ముంచేస్తుంది.

ఇంగ్లీష్ మీడియంలో వెయ్యాలనుకుంటున్నాం. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమంటారా?

మీకు ఏ భాష బాగా వచ్చో అందులో మాట్లాడండి. తిట్టు, ముద్దు, కథ, బేరం అన్నీ తడుముకోకుండా వచ్చే భాష కావాలి పిల్లలకు. ఒక భాష గట్టిపడితే రెండోది దాని మీద నిలబడుతుంది. "కమ్, సిట్, ఈట్" అనే నాలుగు ముక్కలతో ఏ భాషా రాదు. అమెరికాలోనో, దుబాయ్‌లోనో ఉండి ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలకు కూడా మేం చెప్పేది ఇదే.

కాక్లియర్ ఇంప్లాంట్ చేయిస్తే మిషన్ గొడవ ఉండదంటారు కదా?

ఉంటుంది. ఇంప్లాంట్‌కు కూడా బయట పెట్టుకునే ప్రాసెసర్ ఉంటుంది, బ్యాటరీలు ఉంటాయి, థెరపీ ఇంకా ఎక్కువ ఉంటుంది. మంచి మిషన్ సరిగ్గా సెట్ చేసి వాడినా మాట అందనంత తీవ్రమైన లోపం ఉన్నవాళ్ళకే ఇంప్లాంట్. అలాంటి పిల్లలకు అది నిజంగా బతుకు మార్చేస్తుంది, చిన్న వయసులో చేస్తే ఇంకా మేలు. ఆపరేషన్ అయిన రెండు మూడు వారాలకు స్విచాన్ చేస్తారు. ఆ రోజు పిల్లాడు ఏడ్చినా, ఏమీ పట్టనట్టు ఉన్నా బెంగపడకండి. తరువాత మ్యాపింగ్‌కు (ప్రాసెసర్ సెట్టింగ్ సరిచేయించడానికి) మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి.

ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ చిన్నపిల్లల ఇంప్లాంట్‌ను ఉచితంగా చేయించింది. ఇప్పుడు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ. కేంద్రం వైపు నుంచి వికలాంగులకు పరికరాలిచ్చే ఏడీఐపీ పథకం ఉంది. వయసు నిబంధనలు ఒక్కోదానికి ఒక్కో రకం, అందుకే నిర్ధారణ అయిన వెంటనే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను (ఈ పథకాల విషయంలో సాయం చేసే ఉద్యోగిని) కలవండి. ఆపరేషన్‌కు ముందే రెండు ప్రశ్నలు అడగండి: థెరపీ ఎన్నాళ్ళు ఉచితం? వారంటీ అయ్యాక ప్రాసెసర్ పాడైతే ఎవరు భరిస్తారు? ప్రాసెసర్ కాయిల్ వైరు తెగి, కొనే స్తోమత లేక నెలల తరబడి ఖరీదైన ఇంప్లాంట్ మూగగా ఉండిపోయిన ఇళ్ళను చూశాం. చాలా బాధగా ఉంటుంది.

న్యుమోకోకల్ టీకా మర్చిపోకండి. ఇంప్లాంట్ ఉన్నవాళ్ళకు మెనింజైటిస్ ముప్పు కొంచెం ఎక్కువ. ఎప్పుడైనా ఎంఆర్‌ఐ తియ్యాల్సి వస్తే ఇంప్లాంట్ ఉందని ముందే చెప్పాలి.

సైగల భాష నేర్పితే మాటలు రావంటారు. నిజమేనా?

సైగలవల్ల మాట ఆగదు. పిల్లకు ఏదో ఒక భాష నిండుగా అందాలి, అదీ వేళకు అందాలి. మిషన్‌తో, ఇంప్లాంట్‌తో మాట బాగా వస్తుంటే మంచిదే. రాకపోతే ఏళ్ళ తరబడి ఏ భాషా లేకుండా ఉంచడం అన్యాయం. భారతీయ సంజ్ఞా భాషకు సొంత వ్యాకరణం ఉంది. దాని కోసం ఢిల్లీలో 2015లో ఐఎస్‌ఎల్‌ఆర్‌టీసీ అనే కేంద్ర సంస్థ కూడా ఏర్పడింది.

మా అమ్మాయిని మొదటి బెంచీలో కూర్చోబెట్టమని చెప్పాం. అది చాలదా?

చాలదు. టీచరు అక్కడే నిలబడి ఉంటే కదా! బోర్డు దగ్గర మొదలై, వరసల మధ్య నడుస్తూ చివరి బెంచీ దాకా వెళ్తారు.

దూరం చేసే నష్టం అంకెల్లో చూడండి. టీచరు గొంతు మీటరు దూరంలో 65 డెసిబెల్స్ అనుకుందాం. దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 తగ్గుతుంది. రెండు మీటర్లకు 59, నాలుగు మీటర్లకు 53. అదే గదిలో ఫ్యాన్లు, బెంచీల చప్పుడు, పక్క క్లాసు ఎక్కాలు కలిసి 55 ఉన్నాయంటే, టీచరు మాట మోత కింద ఉండిపోయింది. మామూలు చెవులున్న పిల్లలు ముక్కలు అతికించుకుని అర్థం చేసుకుంటారు. వినికిడి లోపం ఉన్న పిల్లకు టీచరు గొంతు మోత కంటే కనీసం 15 డెసిబెల్స్ ఎక్కువగా ఉండాలని నిపుణులు చెబుతారు. మన క్లాసుల్లో చాలాసార్లు ఆ తేడా సున్నా, అంతకంటే తక్కువ కూడా.

పైగా ప్రతిధ్వని. సిమెంటు గోడలు, గచ్చు నేల, పైన రేకులు ఉన్న గదిలో ఒక అక్షరం తోక ఇంకో అక్షరం మీద పడుతుంది. మిషన్ అన్నిటినీ పెద్దవి చేస్తుంది, మాటను మాత్రమే ఏరి ఇవ్వలేదు.

నేను టీచర్‌ని. క్లాసులో యాభైమంది. ఒక్కరి కోసం ఏం చెయ్యగలను?

మీరు చేసే చిన్న మార్పులు యాభైమందికీ పనికొస్తాయి.

బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి. రాయండి, తిరగండి, అప్పుడు చెప్పండి. కిటికీకి వీపు పెట్టి నిలబడితే మీ మొహం చీకటిగా కనిపిస్తుంది, పెదాలు తెలియవు. పెదాలు చదవడం మీద మరీ ఆధారపడనూ వద్దు: పాలు, బాలు, మాలు మూడూ పెదాల మీద ఒకటే. క, గ అసలు కనపడవు.

మన భాషలో ఒక చిక్కుంది, టీచర్లు తప్పక గమనించాలి. తెలుగు వాక్యంలో అసలు సంగతంతా చివరి క్రియలో ఉంటుంది. "మూడో లెక్క చెయ్యండి", "మూడో లెక్క చెయ్యకండి" – తేడా అంతా ఆ ఒక్క 'క'లో. మనమేమో వాక్యం చివరికి వచ్చేసరికి గొంతు తగ్గించేస్తాం. ఆ పిల్ల చెయ్యొద్దన్న లెక్క చేసుకొచ్చిందంటే కారణం ఇదే కావచ్చు. చివరి మాట దాకా గొంతు నిలబెట్టండి. "-లో, -తో, -కి" కూడా అలాగే మింగేస్తాం.

"అర్థమైందా?" అని అడగకండి. ఎప్పుడూ అవునంటుంది, నలుగురిలో కాదనడం ఏ పిల్లకైనా కష్టం. "ఇప్పుడేం చెయ్యాలో చెప్పమ్మా" అనండి. ఇంకో పిల్లాడు వెనక నుంచి జవాబు చెబితే దాన్ని మీ నోటితో మళ్ళీ చెప్పండి. పాఠం మారుతుంటే బోర్డు మూల ఆ పాఠం పేరు రాయండి. డిక్టేషన్ చెప్పేటప్పుడు విడి పదాలు కాకుండా వాక్యంలో పెట్టి చెప్పండి, నడుస్తూ చెప్పకండి. తప్పులు దిద్దేటప్పుడు ఒత్తులు, 'స-శ-ష'లు పోయాయంటే అశ్రద్ధ అని రాసే ముందు ఒక్కసారి ఆగండి.

టీచర్ మెడలో వేసుకునే మైకు గురించి విన్నాం. ఉపయోగం ఉందా?

చాలా ఉంది. ఎఫ్‌ఎం అనీ, రిమోట్ మైక్రోఫోన్ అనీ అంటారు. మైకు టీచరు నోటికి జానెడు దూరంలో ఉంటుంది, అక్కడి మాట వైర్‌లెస్‌గా నేరుగా పిల్ల మిషన్‌లోకి వెళ్తుంది. టీచరు ఎంత దూరంలో ఉన్నా పిల్లకు జానెడు దూరంలో ఉన్నట్టే. మోత, ప్రతిధ్వని రెండూ వెనకబడతాయి. క్లాసులో దీనికి సాటివచ్చే పరికరం లేదు. ఖరీదే అడ్డు. కొనేముందు మీ మిషన్‌కు సరిపోతుందో లేదో ఆడియాలజిస్టుతో పెట్టించి చూడండి.

వాడకంలో జాగ్రత్త: స్టాఫ్ రూమ్‌కు వెళ్ళేటప్పుడు మ్యూట్ చెయ్యాలి. పుస్తెలతాడు, ఐడీ కార్డు మైకుకు తగులుతుంటే ఆ గరగర అంతా చెవిలోకే పోతుంది. చర్చలో మైకు చేతులు మారాలి, లేకపోతే టీచరు ఒక్కరే వినపడతారు.

అంత డబ్బు లేదు. మోత తగ్గించే మార్గాలున్నాయా?

రోడ్డు వైపు, వంటగది వైపు ఉన్న గది మార్చి ఇంకో గది ఇవ్వమనండి. టకటకలాడే ఫ్యాన్ బాగుచేయించండి, పిల్లను దాని కింద కూర్చోబెట్టకండి. కుర్చీ కాళ్ళకు రబ్బరు బిరడాలు, నేల మీద కొబ్బరి పీచు చాపలు, గోడలకు గుడ్డ మీద అతికించిన చార్టులు, కిటికీలకు మందపాటి కర్టెన్లు. చెప్పేటప్పుడు తలుపు మూసెయ్యడానికి పైసా ఖర్చు లేదు.

ఒక చెవి బాగానే వినపడుతుంది. పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. ఒక్క చెవితో శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలియదు, మోతలో మాట ఏరుకోవడం కష్టం. మంచి చెవి టీచరు వైపు ఉండేలా కూర్చోబెట్టండి. రోడ్డు దాటడం ప్రత్యేకంగా నేర్పండి. ఆ మంచి చెవిలో నూనె, ఆకు పసరు పోయకండి. చీము కారితే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

సాయంత్రం బడి నుంచి రాగానే చిరాకు, ఏడుపు. హోంవర్క్ చెయ్యదు.

అలసట అది. మనం ఊరికే వింటాం, ఆ పిల్ల ప్రతి మాటనూ కష్టపడి ఊహించుకుంటూ వింటుంది. రాగానే ట్యూషన్‌కు తోలకండి. కాసేపు ఏమీ వినక్కర్లేని ఆట ఆడుకోనివ్వండి. ముఖ్యమైన పాఠాలు పొద్దున పూట పెట్టమని బడిలో అడిగి చూడండి.

పరీక్షల్లో ఏమైనా వెసులుబాట్లున్నాయా?

ఉన్నాయి, సర్టిఫికెట్ ఉండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటే వినికిడి లోపం, 70, ఆపైన ఉంటే బధిరత్వం. 40 శాతం, అంతకుమించి అని ధ్రువీకరిస్తే 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కు. సదరం (వికలాంగుల ధ్రువీకరణ) శిబిరంలో పరీక్ష చేయించి యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు తీసుకోండి. 2018 కేంద్ర మార్గదర్శకాల్లో మూడు గంటల పరీక్షకు కనీసం గంట అదనపు సమయం ఉంది. సీబీఎస్‌ఈలో ఒక్క భాషతో చదివే వీలుంది. రాష్ట్ర బోర్డుల నిబంధనల గురించి తొమ్మిదో తరగతిలోనే హెడ్మాస్టరుతో మాట్లాడండి, హాల్ టికెట్లు వచ్చే వేళకు కాదు.

మా ఊళ్ళో థెరపిస్టు ఎవరూ లేరు. ఎక్కడికి వెళ్ళాలి?

ముందు మండలంలోని భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రానికి) వెళ్ళండి. సమగ్ర శిక్ష కింద ప్రత్యేక టీచర్లు అక్కడ ఉంటారు, మిషన్లు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో శిబిరాల కబురు కూడా వాళ్ళకే ముందు తెలుస్తుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. రాయలసీమ నుంచి మైసూరులోని ఆయిష్‌కు, అంటే 1965లో పెట్టిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థకు వెళ్ళొచ్చు. దూరమైతే ఒకసారి నేరుగా వెళ్ళి చూపించుకుని, తరువాత వీడియో కాల్‌లో థెరపీ కొనసాగించమని అడగండి. ప్రైవేటుగా వెళ్తే ఆ ఆడియాలజిస్టుకు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. కళ్ళజోళ్ళ షాపులోనో, ఆన్‌లైన్‌లోనో పరీక్ష లేకుండా అమ్మే మిషన్ పిల్లలకు కొనకండి. వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులన్నీ, మిషన్ వారంటీ కార్డు, ఆరు శబ్దాల పరీక్షలో ఏది పట్టిందో ఏది పట్టలేదో రాసుకున్న నోటు పుస్తకం తీసుకెళ్ళండి. సెట్టింగ్ మార్చడానికి ఆడియాలజిస్టుకు ఆ పుస్తకం ఎంతో ఉపయోగపడుతుంది.